ధ్రువజ్యోతి క్రింద ఒక పరిశోధనాలయము

ఉత్తర అమెరికా ఖండమునకు వాయవ్యపు కొసను అలాస్కా అను విశాల ప్రదేశమున్నది. 1867లో రష్యా ప్రభుత్వము దీనిని 72 లక్షల డాలర్లకు అమెరికా సంయుక్త రాష్ట్రములకు విక్రయించినప్పుడు, మంచుగడ్డలకు ఇంత ధర యేమిటని ఆ దేశముననే పలువురు పరిహసించిరి. తరువాత ఆ నేలలో బంగారము దొరకినది, చమురును దొరకినది. ఆ రెంటి కథయు లోకమెరిగినదే. అక్కడ దొరకిన మూడవ సంపద యొకటి యున్నది. దానిని త్రవ్వి తీసినవారు ఒక చిన్న విశ్వవిద్యాలయపు అధ్యాపకులు, విద్యార్థులు. ఆ సంపద యేమనగా, ఆకాశమును గూర్చియు, పాదముల క్రింది నేలను గూర్చియు కలిగిన జ్ఞానము.

అలాస్కా నడుమ, ఉత్తర అక్షాంశము 65 డిగ్రీలకు సమీపమున, ఫెయిర్‌బాంక్స్ అను పట్టణమున్నది. డిసెంబరు నెల మూడవ వారమున అక్కడ సూర్యుడు నాలుగు గంటలైనను నిలువడు. చలి సున్నకు దిగువ 40 డిగ్రీలకు దిగుట అరుదు కాదు. 40 అన్నప్పుడు సెంటీగ్రేడా, ఫారన్‌హీటా అని అడుగ నక్కరలేదు; ఆ రెండు మానములును సరిగా అచ్చటనే కలిసికొనునని మన ఉన్నత పాఠశాల విద్యార్థులు లెక్కకట్టి చూచుకొనవచ్చును. ఈ పట్టణపు శివారున 1922లో వ్యవసాయమునకు, గనుల విద్యకు ఒక కళాశాల తెరవబడినది. అదియే పెరిగి అలాస్కా విశ్వవిద్యాలయమైనది. 1946లో అమెరికా శాసనసభ ఒక చట్టము చేసి ఆ విశ్వవిద్యాలయమున భూభౌతిక పరిశోధనాలయమును నెలకొల్పుటకు అనుమతించెను. 1949లో అది పని ప్రారంభించినది.

శాసనసభ్యులకు భూభౌతిక శాస్త్రముపై ఇంత అనురాగము హఠాత్తుగా పుట్టుటకు కారణము లేకపోలేదు. ఆకాశమున ధ్రువజ్యోతులు విజృంభించిన రాత్రులందు ఉత్తరదేశములలో రేడియో వార్తలు నడుమ తెగిపోవును. విమానములు, నౌకలు మూగవోవును. యుద్ధకాలమున ఇది ఎంతటి ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. కావున ఆ వెలుగుల మర్మమును తెలిసికొనవలసి వచ్చినది. అధికారులకు కావలసినది రేడియో. పండితులకు కావలసినది ఆకాశము. శాస్త్ర చరిత్రలో ఇట్టి బేరములు తరచుగా కుదురుచుండును.

ధ్రువజ్యోతిని మనలో చాలమంది చూచియుండరు. చీకటి ఆకాశమున లేత పచ్చని తెర యొకటి వ్రేలాడి, గాలికి కదలినట్లు మడతలు పడుచు, కొంతసేపటికి అంచుల యందు గులాబి వర్ణము దాల్చి, ఒక్కసారిగ ఆకాశమంతయు ప్రాకి, మరల చల్లబడును. అది ఎంత యెత్తున వెలుగుచున్నది? ఈ ప్రశ్నకు నార్వే దేశపు గణితవేత్త కార్ల్ స్టోర్మర్ ఒక సులభమైన ఉపాయము కనిపెట్టెను. కొన్ని మైళ్ళ యెడముగ రెండు కెమెరాల నుంచి, టెలిఫోనులో మాటలాడుకొనుచు, ఒకే క్షణమున ఒకే జ్యోతిని ఫోటో తీయవలెను. రెండు చిత్రములలోను వెనుకనున్న నక్షత్రములు ఒక్కటే. ముందున్న వెలుగు మాత్రము కొంచెము పక్కకు జరిగి కనబడును. ఆ జరుగుదలను కొలిచినచో త్రిభుజ గణితమువలన ఎత్తు తేలును. ఒక కన్ను మూసి, పిదప రెండవ కన్ను మూసి, ఎదుట నిలిపిన వ్రేలిని చూచు పిల్లవానికి ఈ సూత్రము తెలిసినదే. 1930 ప్రాంతమున ఫెయిర్‌బాంక్స్ కళాశాలలోని భౌతికశాస్త్రాచార్యుడు వెరిల్ ఫుల్లర్ ఇదే విధానమున అలాస్కా జ్యోతులను కొలిచెను. వాని అడుగు అంచు భూమికి సుమారు 100 కిలోమీటర్ల యెత్తున నున్నట్లు తేలినది. మేఘములు దాని దరిదాపులకైన పోజాలవు.

సూర్యుని నుండి విద్యుత్కణముల ప్రవాహ మొకటి ఎల్లప్పుడును వెలువడుచుండును. భూమి ఒక అయస్కాంతమగుటచే ఆ ప్రవాహము నేరుగ మనపై పడదు. అయస్కాంత క్షేత్రమున చిక్కి శక్తిని పుంజుకొనిన ఎలక్ట్రానులు బలరేఖల వెంట ధ్రువప్రాంతములకు జారి, పలుచని గాలిలోని పరమాణువులను ఢీకొనును. దెబ్బతిన్న ఆమ్లజని పచ్చని వెలుతురును, మరింత యెత్తున ఎఱ్ఱని వెలుతురును ఇచ్చును. నత్రజని నీలి, ఊదా, గులాబి ఛాయల నిచ్చును. మన బజారులలోని నియాన్ దీపపు గొట్టములో జరుగునదియు స్థూలముగా ఇదియే.

ఈ పరిశోధనాలయమునకు కీర్తి తెచ్చినవారిలో మొదటివాడు సిడ్నీ చాప్‌మన్. ఈ ఆంగ్లేయుడు 1888లో జన్మించెను. ఆక్స్‌ఫర్డులో ఆచార్య పదవి ముగియు వయస్సున, ఇతరులు విశ్రాంతిని కోరుకొను తరుణమున, ఆయన అలాస్కా చలిలోనికి నడచెను. 1957 జూలై మొదలు 1958 డిసెంబరు వరకు దేశదేశముల శాస్త్రజ్ఞులు కలిసి జరిపిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమునకు నడిపించు సంఘాధ్యక్షుడాయనయే. ఆ సందర్భమున ధ్రువప్రాంతములనిండ వింత కెమెరాలు వెలసినవి. గోళాకారపు అద్దమున ఆకాశము నంతటిని ఒక్క చట్రములో పట్టి, నిముషమున కొకటి చొప్పున రాత్రి పొడవునను చిత్రములు తీయుట వాని పని. ఇట్లు పోగైన ఫిల్ము చుట్టలు మైళ్ళకొలది పొడవైనవి. తీయుట సులభమే. వానిని ఓపికగా చూచువాడు కావలెను.

అట్టివాడు జపానునుండి వచ్చెను. సెండై నగరమున చదువుకొనుచున్న సున్-ఇచి అకాసోఫు అను యువకుడు చాప్‌మన్ వ్రాసిన వ్యాసములు చదివి, సందేహములు వ్రాసి పంపెను. అంతటి పెద్దవాడు తప్పక కోపగించునని మనము భయపడుదుము; చాప్‌మన్ ఆ కుఱ్ఱవానిని అలాస్కాకు రమ్మని పిలిచెను. 1958లో అకాసోఫు ఫెయిర్‌బాంక్స్ చేరెను. వేర్వేరు చోట్ల ఒకే నిముషమున తీసిన ఫిల్ములను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూచుటయే ఆయన తపస్సైనది.

అంతవరకు అందరును ఏమనుకొనిరి? జ్యోతులు అయస్కాంత ధ్రువమును చుట్టి సమాన దూరమున నొక వలయముగా నుండుననియు, ఒక్కొక్క చోట వాని విజృంభణ వేర్వేరు కథయనియు. అకాసోఫునకు ఫిల్ములలో మరియొక రూపము గోచరించెను. మొదట నిశ్చలమైన తెరలు. నడిరేయి దిక్కున ఒకచోట హఠాత్తుగ ప్రకాశము. అది ధ్రువమువైపు ఉబ్బుట. అల వలె పడమటికి పరుగిడుట. రెండు మూడు గంటలకు అంతయు సద్దుమణుగుట. ఒకే తుపాను భూగోళముపై వ్యాపించుచుండగా, ఒక్కొక్క ఊరివారు దానిలో తమ తునకను మాత్రము చూచుచున్నారన్నమాట. 1964లో ఆయన దీనిని ప్రకటించి ఉపతుపాను అని పేరు పెట్టెను. ఇక వలయము సంగతి. రష్యా శాస్త్రజ్ఞుడు ఫెల్డ్‌స్టెయిన్ అది ధ్రువమునుండి ఒక ప్రక్కకు ఒరిగిన అండాకారమని చెప్పియుండెను. పగటివైపు ధ్రువమునకు దగ్గరగను, రాత్రివైపు దూరముగను ఆ అండము నిలిచియుండగా, దాని క్రింద భూమి తిరుగుచుండునని భావము. పెద్దలు పలువురు దీనిని నమ్మలేదు.

నమ్మించుటకు అకాసోఫు ఎన్నుకొన్న మార్గము నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. భూమధ్యరేఖ వద్ద భూమి గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగమున తిరుగుచున్నది. 65వ అక్షాంశము వద్ద ఆ వేగము 706కు తగ్గును. జెట్ విమానము అంతకంటె వేగముగా పోగలదు. కావున పడమటికి తగిన వేగమున పోవు విమానమున కూర్చున్నవానికి నడిరేయి ఎన్నటికిని గడువదు! భూమి క్రిందుగా దొర్లిపోవుచుండగా ఆయనయు సహచరులును గంటలకొలది నడిరేయిలోనే నిలిచి ఆ అండపు అంచును పరిశీలించిరి. 1971 తరువాత ఉపగ్రహములు పైనుండి చిత్రములు తీయగా వివాదమునకు తావు లేకపోయెను.

ధ్రువజ్యోతితో మన దేశమునకు బొత్తిగా సంబంధము లేదనుకొనరాదు. సూర్యునిపై మహావిస్ఫోటనము జరిగినప్పుడు ఆ అండము ఉబ్బి దక్షిణమునకు జారును. 1872 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి బొంబాయిలో సైతము ఆ వెలుగు కనబడినట్లు దాఖలాయున్నది. 2024 మే నెలలో వచ్చిన అయస్కాంత తుపానులో లడఖ్ నందలి హాన్లే వేధశాల కెమెరాలు ఎఱ్ఱని కాంతిని చిత్రించినవి.

వెలుగులను క్రిందనుండి చూచుట చాలక, వాని నడుమకే పరికరములను పంపవలెనను కోరిక కలిగినది. పట్టణమునకు ఉత్తరమున సుమారు 50 కిలోమీటర్ల దూరమున 1968లో నీల్ డేవిస్ మొదలగువారు రాకెట్ ప్రయోగస్థలమును నిర్మింప మొదలిడిరి. చేతిలో ధనము స్వల్పము. దానికి పోకర్ ఫ్లాట్ అని పేరు పెట్టిరి. బ్రెట్ హార్ట్ కథలలో ఒకదాని శీర్షిక నుండి తీసికొన్న పేరది. ఒక విశ్వవిద్యాలయమునకు సొంతమైన రాకెట్ ప్రయోగస్థలము లోకమున ఇదొక్కటేయని చెప్పుదురు. మన తుంబాను ఇక్కడ తలచుకొనవలెను. 1963 నవంబరు 21న మన తొలి రాకెట్టు కేరళ తీరమందలి ఆ పల్లెనుండి పైకెగిరినది. తుంబా అయస్కాంత మధ్యరేఖపై నున్నందున ఎన్నుకొనబడినది. పోకర్ ఫ్లాట్ జ్యోతివలయము క్రింద నున్నందున. భూమి అయస్కాంతపు నడుముపై ఒకటి, తలపాగా క్రింద మరియొకటి.

ఇంతవరకు చెప్పినది ఆకాశపు ముచ్చట. నేల సంగతి అంత మనోహరము కాదు.

1964 మార్చి 27, గుడ్ ఫ్రైడే. సాయంకాలము 5 గంటల 36 నిముషములకు దక్షిణ అలాస్కా కంపించెను. సామాన్య భూకంపము క్షణములలో ముగియును. ఇది నాలుగు నిముషములకు పైగా ఆగలేదు. పరిమాణము 9.2, పరికరములు పుట్టిన తరువాత నమోదైన భూకంపములలో దీనికంటె పెద్దది 1960 నాటి చిలీ భూకంపమొక్కటియే. యాంకరేజి నగరమున ఒక పేట క్రిందనున్న బంకమన్ను పట్టుతప్పి, ఇండ్లతో కూడ సముద్రమువైపు జారినది. వాల్డెజ్ రేవున ఓడను చూడవచ్చిన జనము నిలుచున్న కట్ట సముద్రమున కూలినది. చెనేగా అను చిన్న పల్లెలో ప్రజలలో మూడవవంతు కెరటములపాలైరి. మొత్తము 130 మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులను చంపినది కంపము కాదు, నీరు. ఎంతో దూరమున నున్న కాలిఫోర్నియా తీరమునను ప్రాణనష్టము జరిగినది.

అంతటి దారుణమునకు కారణమేమో నాడు నిశ్చయముగా చెప్పగలవారు లేరు. భూఫలకముల సిద్ధాంతము ఇంకను పండితులలో ఆమోదము పొందలేదు. అమెరికా భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన జార్జి ప్లాఫ్కర్ పడవలలో తీరమంతయు తిరిగి బార్నకిల్ అను చిన్న జలచరములను వెదకెను. అవి రాళ్ళను కరచుకొని, పోటు నీరు తడుపునంత యెత్తువరకే బ్రతుకును. ఇప్పుడవి నీటికి అందనంత యెత్తున ఎండి చచ్చియున్నవి. అనగా నేల లేచినది. ఒకచోట 10 మీటర్లకు పైగా లేచినది. లోపలి భాగమున దిగబడినది. పసిఫిక్ సముద్రపు అడుగు ఖండము క్రిందకు దూరుచున్నదనియు, ఆ రాపిడి ఒక్కసారిగ విడివడినదనియు ఆయన నిర్ణయించెను. ఫలకముల సిద్ధాంతము నిలదొక్కుకొనుటకు ఆ చచ్చిన బార్నకిల్‌లు మంచి సాక్షులైనవి.

ఆనాడు అలాస్కాలో భూకంపలేఖినులు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని. పిదప పరిశోధనాలయము కొండలపై, దీవులపై వానిని నాటుచు వచ్చెను. ఎలుగుబంట్లు పెట్టెలను పగులగొట్టును. మంచు సౌరఫలకములను కప్పివేయును. హెలికాప్టరు లేనిదే బాగుచేయరాని చోట్లు పెక్కులు. ఇప్పుడు అక్కడి భూకంప కేంద్రము ఏటా 40 వేలకు పైగా కంపములను గుర్తించుచున్నది. 2018 నవంబరు 30న యాంకరేజి సమీపమున 7.1 పరిమాణపు భూకంపము వచ్చి రహదారులు చీలిపోయినను ఒక్కరును మరణింపలేదు. 1964 నేర్పిన నిర్మాణ నిబంధనలే అందుకు ముఖ్యకారణము.

మనకును ఇది దూరపు కథ కాదు. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద సముద్రగర్భము కదలగా మన కోస్తా పల్లెకారుల గుడిసెలలోనికి నీరు వచ్చినది. 2007 నుండి హైదరాబాదులోని కేంద్రము హిందూ మహాసముద్రమునకు సునామీ హెచ్చరికలు పంపుచున్నది. గోదావరి లోయ గట్టినేలయని నమ్మినవారికి 1969లో భద్రాచలము వద్ద ఒకటి, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 పరిమాణమున మరియొకటి వచ్చి వాస్తవము తెలిపినవి. ఆంధ్ర విశ్వవిద్యాలయము దాదాపు అలాస్కావారితోబాటే భూభౌతిక శాస్త్ర బోధనకు పూనుకొనినదని, 1961లో హైదరాబాదున జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడినదని మన విద్యార్థు లెరుగుట మంచిది.

అలాస్కాలో మేల్కొనియున్న అగ్నిపర్వతములు 50కి పైగా కలవు. వానిని కనిపెట్టుటకు 1988లో ప్రభుత్వ శాఖలతో కలిసి పరిశోధనాలయము ఒక వేధశాలను స్థాపించెను. మరుసటి సంవత్సరమే పరీక్ష యెదురైనది. 1989 డిసెంబరు 15న రెడౌట్ పర్వతము బ్రద్దలయ్యెను. యాంకరేజికి దిగుచున్న డచ్చి విమానమొకటి, 245 మందితో, ఆ బూడిదలో చొచ్చెను. నాలుగు యంత్రములును ఆగిపోయినవి. అగ్నిపర్వతపు బూడిద కట్టెబూడిద కాదు, పొడిచేసిన గాజు. యంత్రపు వేడిమికి కరగి, లోపలి రెక్కలకు అంటుకొని గట్టిపడి గాలిదారిని మూసివేయును. విమానము 14 వేల అడుగులకు పైగా పడిపోయిన పిమ్మట, మంచుకొండలు సమీపించుచుండగా, యంత్రములు మరల అందుకొనినవి. అందరును బ్రతికిరి. ఆసియా అమెరికాల నడుమ విమానములకు ఆ కొండల మీదుగనే దారి. బూడిద ఎటు పోవుచున్నదో నిముషములలో చెప్పవలసిన బాధ్యత నాటినుండి అతి ముఖ్యమైనది. చెవికి వినరాని మందర ధ్వనులను పట్టు పరికరములు ఇందుకు తోడ్పడుచున్నవి. 2022 జనవరి 15న టోంగా దీవులలో సముద్రగర్భ పర్వతము పేలినప్పుడు ఆ శబ్దము సుమారు 10 వేల కిలోమీటర్లు ప్రయాణించి అలాస్కా ప్రజల చెవులకు స్వయముగా వినబడినది!

రాకెట్లు, రేడియో స్తంభములు కలచోట వదంతులును పెరుగును. గకోనా అనుచోట 33 ఎకరములలో 180 స్తంభములు నిలిపి, పై వాతావరణమును రేడియో తరంగములతో స్వల్పముగా వేడిచేసి పరీక్షించు హార్ప్ అను కేంద్రమున్నది. సైన్యము నిర్మించిన దానిని 2015లో విశ్వవిద్యాలయము చేపట్టినది. తుపానులు, భూకంపములు అక్కడ తయారగుచున్నవని ప్రపంచమంతట ప్రచారము. పరిశోధనాలయమువారు చేసిన పని, తలుపులు తెరచి ప్రజలను లోనికి పిలుచుట. వచ్చినవారు స్తంభముల నడుమ తిరిగి, ప్రశ్నలడిగి పోవుచుందురు. అందరి అనుమానమును తీరినదని చెప్పజాలము.

చివరకు, గడ్డకట్టిన నేల. అలాస్కాలో అధికభాగము క్రింద వేల సంవత్సరములుగ కరుగని మంచునేల యున్నది. దానిపై ఇండ్లు, దారులు, 1977లో పూర్తియైన చమురుగొట్టము నిలిచియున్నవి. గొట్టపు కాళ్ళ వేడిమికి నేల కరుగకుండ లక్షకు పైగా శీతల నాళములను అమర్చిరి. భూమి చీలిక మీదుగా పోవుచోట గొట్టమును నేలకు బిగింపక, అటునిటు జారునట్లు దూలములపై నుంచిరి. 2002 నవంబరు 3న డెనాలి చీలిక 7.9 పరిమాణమున కదలి, అక్కడ నేల 4 మీటర్లకు పైగా పక్కకు జరిగినను, ఒక చుక్క చమురు ఒలుకలేదు. చీలిక అచ్చట నున్నదని ముందుగా గుర్తించినవారికి ఆ ఘనత చెందవలెను.

కాని మంచునేల తానే వెచ్చనగుచున్న యెడల దూలము లేమి చేయగలవు? టామ్ ఓస్టర్‌కాంప్, ఆయన పిదప వ్లదీమిర్ రొమనోవ్‌స్కీ అలాస్కా పొడవునను బోరుబావులు త్రవ్వించి, 1970ల చివరినుండి ఉష్ణోగ్రతలు వ్రాసియుంచిరి. ఉత్తర తీరమున 20 మీటర్ల లోతున, ఋతువుల మార్పు సోకని చోట, నేల రెండు డిగ్రీలకు పైగా వేడెక్కినది. ఇచ్చటనే చిత్రమైన విషయ మొకటి. జ్యోతుల అండమును నిరూపించి, 1986 మొదలు 1999 వరకు పరిశోధనాలయమునకు అధిపతిగ నున్న అకాసోఫు, ఈ వేడిమిలో పెద్దపాలు ప్రాచీన శీతకాలమునుండి భూమి సహజముగ తేరుకొనుటయే యని వాదించెను. వాతావరణ శాస్త్రజ్ఞులలో అత్యధికులు దానిని అంగీకరింపలేదు. మానవుడు మండించిన బొగ్గు, చమురులే ప్రధానకారణమని వారి నిర్ణయము. యౌవనమున లోకమునెదిరించి గెలిచినవాడు వార్ధక్యమునను ఎదిరించెను. మొదటిసారి ఆయన పక్షమున ఫిల్ములు సాక్ష్యమిచ్చినవి. ఈసారి బావులు ఇవ్వలేదు.

ఆ బావులలో కొన్ని నలుబదియేండ్లకు పైబడినవి. గొట్టమునకు మూతయొకటి యుండును. సంవత్సరమునకొకసారి ఎవరో వచ్చి, మూత తీసి, తీగను దింపి, డిగ్రీలో నూరవ వంతుల వరకు అంకెలు వ్రాసికొని, మరల మూత బిగించి పోవుదురు.